చేప డ్యూటీ

ఫిబ్రవరి 3, సోమవారం

పదిరోజులు మంచానికి అతుక్కుపోయి ఇవాళ స్కూలుకి వెళ్ళాను. జలుబు తగ్గింది. గొంతు దారిలో పడింది. ఎడమ చెవిలో కాస్త దిబ్బడ మిగిలింది, అదే పోతుంది. నేను లేని పదిరోజులూ పాటల పీరియడ్లో లెక్కలు చేయించారట. పాటల గదికి తాళం వేసి పిల్లలచేత ఎక్కాలు అప్పజెప్పించుకునే మనుషులతో ఏం మాట్లాడతాం!

వార్షికోత్సవం మార్చి ఏడున. మూడో తరగతి, నాలుగో తరగతి కలిపి ముప్పై ఒక్కమంది బృందగానం. పాట నేనే రాశాను, వరస నేనే కట్టాను. "గొడుగు కింద ఎంతమంది? పట్టినంతమంది!" అని మొదలవుతుంది. సెలవుకి ముందు చక్కగా పాడారు. ఇవాళ పాడిస్తే ఎక్కడో ఒక గొంతు పక్కదారి పట్టింది. ముప్పైమందీ ఒక మెట్టు మీద ఉంటే ఎవరో ఒకరు అర మెట్టు పైకెక్కి కూర్చున్నట్టు. ఎవరో దొరకలేదు.

నాకు దొరకలేదు! పందొమ్మిదేళ్ళుగా ఏ మూల ఏ గొంతు జారినా వెనక్కి తిరక్కుండానే పేరు పెట్టి పిలిచేదాన్ని. స్టాఫ్ రూమ్‌లో నా చెవికి గూఢచారి అని పేరు. రేపు పట్టుకుంటాను.

ఫిబ్రవరి 4, మంగళవారం

అనుమానం కీబోర్డు మీదికి పోయింది. రిపేరతన్ని పిలిపించాను. మీటలన్నీ నొక్కి, ఫోన్లో ఏదో తెరిచి పక్కన పెట్టుకుని చూసి, "దీనికేం జబ్బు లేదు టీచర్, గుండ్రాయిలా ఉంది" అన్నాడు. మళ్ళీ చూడమన్నాను. మళ్ళీ చూశాడు. ఫోన్లో ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడింది.

"మీ ఫోనే తప్పు చూపిస్తోందేమో" అన్నాను.

అతను నా వంక చూశాడు, ఫోను వంక చూశాడు, సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. పోతే పోయాడు. కీబోర్డు కాకపోతే పిల్లలే. ఇంకెవరుంటారు ఆ గదిలో?

ఫిబ్రవరి 6, గురువారం

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. సాయంత్రం టీ తాగుతూ అడిగాను, చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో తెలియకపోతే ఏం చేస్తారండీ అని.

"ఒక్కోటీ ఆపుకుంటూ పోతాం. ఏది ఆపితే చప్పుడు ఆగిందో అదే దొంగ."

"పిల్లల్ని ఎలా ఆపడం?"

"పిల్లల్నా? ఆ స్విచ్చి ఇంకా ఎవరూ కనిపెట్టలేదోయ్!" అని తన జోకుకి తనే పడిపడి నవ్వాడు.

ఆయనకేం తెలుసు? స్విచ్చి ఉంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, రిటైరవబోతున్న పాటల టీచర్ బీరువా తాళాలతో పాటు ఆ కిటుకు కూడా నాకు అప్పగించి వెళ్ళింది. శ్రుతి కుదరని పిల్లని పక్కకి పిలిచి, "నీది చేప డ్యూటీ" అని చెప్పాలి. చేప నోరు తెరుస్తుంది, మూస్తుంది, చప్పుడు చేయదు. బిడ్డ స్టేజీ మీదే ఉంటుంది, తల్లిదండ్రులకి కనపడుతుంది, పాట చెడిపోదు. అందరికీ మంచిదే. ఏడాదికి ఒకరో ఇద్దరో చేపలు తప్పవు. ఎవరికీ తెలియదు.

ఫిబ్రవరి 10, సోమవారం

లైన్ల మధ్య తిరుగుతూ విన్నాను. తప్పంతా ఎడమవైపు లైన్లో ఉంది. అందులోనూ మైకు దగ్గర మరీ ఎక్కువ.

మైకు అంటే మూడో తరగతి పిల్ల. ముందుపళ్ళు రెండూ ఊడాయి. మైకు లేకుండానే గేటు దాకా వినపడుతుంది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను, తనకి అదంటే గర్వం. పాడేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని, పిడికిళ్ళు బిగించి, బరువెత్తుతున్నట్టు పాడుతుంది. సెలవుకి ముందు ఈ పిల్ల గొంతునే నమ్ముకుని మిగతావాళ్ళని నడిపించాను. పదిరోజుల్లో ఏమైంది దీనికి? ఎక్కాలు వల్లించి చెడిపోయిందా?

ఫిబ్రవరి 12, బుధవారం

మైకుని పీరియడయ్యాక ఉండమన్నాను.

"నీకొక ముఖ్యమైన డ్యూటీ ఇస్తున్నాను. అందరికీ ఇచ్చేది కాదు. పాట వస్తున్నంతసేపూ పెదవులు కదపాలి, గొంతు మాత్రం బయటికి రాకూడదు. దీన్ని చేప డ్యూటీ అంటారు. చాలా కష్టం. చేయగలవా?"

కాసేపు ఆలోచించింది. "నేను తప్పు పాడుతున్నానా టీచర్?"

పిల్లలు ఇలాంటివి ఇట్టే పట్టేస్తారు. "కొంచెం" అన్నాను. "కొంచెమే. ఎవరికీ చెప్పకు, ఇది మనిద్దరి రహస్యం."

"అమ్మకి కూడానా?"

"అమ్మకి కూడా."

సరేనని తలూపి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి నోరు మూడుసార్లు తెరిచి మూసి చూపించింది. ఎంత బాగా చేసిందో! నవ్వొచ్చింది.

ఫిబ్రవరి 13, గురువారం

తప్పు స్వరం పోలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

మైకుకి అటొకరిని, ఇటొకరిని చేపల్ని చేశాను. విడివిడిగా పిలిచాను, విడివిడిగా ఒట్టేయించుకున్నాను. నాలుగో తరగతి పిల్లాడు, సన్నగా ఉంటాడు, పెన్సిల్ అంటాం, వాడికి చెప్పేసరికి ఛాతీ విరుచుకుని, "నా ఒక్కడికేనా టీచర్?" అన్నాడు. "నీ ఒక్కడికే" అన్నాను.

తప్పు స్వరం కాస్త తగ్గినట్టుంది. తగ్గింది. తగ్గినట్టే ఉంది.

ఫిబ్రవరి 17, సోమవారం

ఇవాళ ఒక ఉపాయం తోచింది. ఎడమ లైన్‌ని కుడికి, కుడి లైన్‌ని ఎడమకి మార్చాను. ఇప్పుడు తప్పు కుడివైపు నుంచి రావాలి కదా?

ఎడమవైపు నుంచే వస్తోంది.

ఇన్నాళ్ళూ బంగారంలా పాడిన లైను ఎడమకి వెళ్ళగానే చెడిపోయింది. అటువైపు ఫ్యాను ఉంది, దాని గాలికి పిల్లల గొంతులు బిగుసుకుంటున్నాయేమో. ఫ్యాను ఆపించాను. ఉక్కకి పిల్లలు అల్లాడారు, తప్పు మాత్రం కదల్లేదు. ఇంకో నలుగురిని చేపల్ని చేశాను.

ఫిబ్రవరి 19, బుధవారం

డ్రిల్లు సార్ కొత్త ఈల కొన్నట్టున్నాడు. ఒకసారి ఊదితే రెండు ఈలలు వినపడుతున్నాయి, ఒకటి పైన, ఒకటి కింద. గ్రౌండు పక్కగా వెళ్తూ, "ఏం సార్, డబుల్ ఈలా?" అన్నాను. "ఏడేళ్ళనాటి ఈల టీచర్, నా పెళ్ళినాటిది. రెండూ నన్నింకా వదల్లేదు" అన్నాడు. ఈయనకి అన్నీ హాస్యమే.

చేపలు ఇప్పటికి పదకొండు అనుకుంటా. జాబితా రాసుకోవడం లేదు. రహస్యం కదా, ఎవరి కంటైనా పడితే బాగుండదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

హెడ్మేడమ్ రిహార్సల్‌కి వచ్చి కుర్చీలో కూర్చుంది. పాట అయ్యాక నన్ను దగ్గరికి పిలిచింది.

"పిల్లలు నీరసంగా ఉన్నారా?"

"లేదు మేడమ్, మెత్తగా పాడిస్తున్నాను. అరుపులు తగ్గించాను."

"మరీ మెత్తగా ఉంది. పోయినేడు గోడలు అదిరాయి. ఇవాళ ఫ్యాను చప్పుడు కూడా వినపడింది నాకు."

శ్రుతి ముఖ్యం, సౌండు కాదు అన్నాను. నా గొంతు కాస్త లేచింది. ఆవిడ లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అందరి నోళ్ళూ భలే పెద్దగా తెరుచుకుంటున్నాయి" అంది. మెచ్చుకుందో, ఎత్తిపొడిచిందో అర్థం కాలేదు.

ఫిబ్రవరి 24, సోమవారం

మైకు వాళ్ళమ్మ వచ్చింది. బస్సు కండక్టర్, డ్యూటీ బట్టలతోనే వచ్చింది. వరండా ఆ చివర ఉండగానే ఆవిడ పలకరింపు ఈ చివరికి వినపడింది. కూతురికి ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

దగ్గరికొచ్చాక మాత్రం నెమ్మదిగా మాట్లాడింది.

"మా పిల్ల పాడటం మానేసింది టీచర్. స్నానం చేస్తూ పాడేది, అన్నం తింటూ పాడేది, వద్దన్నా పాడేది. ఇప్పుడు మాటలు కూడా తగ్గిపోయాయి. ఏదన్నా అడిగితే పెదాలు కదుపుతుంది, అంతే. రెండేళ్ళ చెల్లి ఉంది. దాన్ని రోజూ పాట పాడి ఇదే నిద్రపుచ్చేది. ఇప్పుడు అది దగ్గరికొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దూరం జరుగుతోంది. డాక్టర్‌కి చూపించాను. గొంతు శుభ్రంగా ఉందన్నాడు. మీ క్లాసులో ఏమన్నా జరిగిందా అమ్మా? మీ పేరెత్తితే తల దించుకుంటోంది."

"ప్రోగ్రాం దాకా గొంతుకి విశ్రాంతి ఇమ్మన్నానండీ. పాపం మాట బాగా పాటిస్తోంది" అన్నాను.

ఆవిడ ముఖం తేటపడింది. "అంతేనా! నేనేమేమో ఊహించుకుని చచ్చాను" అని నా చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

విశ్రాంతి అన్న మాట అబద్ధం కాదు. పూర్తిగా కాదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

నేను తప్పేం చేయలేదు.

ఫిబ్రవరి 26, బుధవారం

హాజరు పిలుస్తుంటే మైకు "ప్రెజెంట్" అనలేదు. పెదవులు కదిపింది. నేను టిక్కు పెట్టేశాను.

చేప డ్యూటీ నేను కనిపెట్టింది కాదు. నాకంటే ముందునుంచీ ఉంది. నేను తప్పేం చేయలేదు. తప్పు స్వరం ఇంకా ఉంది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ఇంట్లో కాలింగ్ బెల్ పాడైంది. నొక్కితే రెండు బెల్లులు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నట్టు మోగుతోంది. మా ఆయన మూత విప్పి, తుడిచి, కొత్త బ్యాటరీ వేసి మోగించాడు.

"ఇంకా రెండు మోగుతున్నాయండీ" అన్నాను.

"ఒక్కటే మోగుతోంది కదోయ్!"

ఇంకోసారి నొక్కాడు. నాకు మళ్ళీ రెండే. ఆయన స్టూలు దిగి, "నీ దొంగ దొరికాడా?" అని అడిగాడు.

"లేదు. సగం మందికి పైగా ఆపేశాను."

"ఆపినవాళ్ళని మళ్ళీ ఆన్ చేయలేదా? ఆపితే చప్పుడు పోలేదంటే వాడు దొంగ కాదు కదా."

అది నాకు తట్టలేదు. నిజంగా తట్టలేదు. ఒకసారి ఆపాక మళ్ళీ తెరిస్తే ఇంకో తప్పు కలుస్తుందేమోనని భయం. ఆయన స్క్రూలు బిగిస్తూ ఏదో పాత సంగతి చెప్పుకుపోయాడు. ఒక బిల్డింగులో లిఫ్టు మొత్తం ఆపేసినా చప్పుడు పోలేదట. మూడు గంటలు వెతికితే తన నడుముకి వేలాడే తాళాలగుత్తి అట. "అన్నీ ఆపినా వినపడుతోందంటే మనతోనే తిరుగుతోందన్నమాట" అని నవ్వాడు. ఆ తర్వాత మామూలుగానే, "అన్నట్టు, ఈమధ్య సోఫాలో నన్నెప్పుడూ కుడిపక్కకి రమ్మంటున్నావేంటి?" అన్నాడు.

గాలి బాగా వస్తుందని అన్నాను.

మార్చి 1, శనివారం

ఆయన పనికి వెళ్ళాక తలుపు తెరిచి గుమ్మంలో నిలబడి బెల్లు నొక్కాను. రెండు బెల్లులు.

ఎడమ చెవిలో వేలు పెట్టుకుని నొక్కాను. ఒక్క బెల్లు.

వేలు తీశాను. రెండు. పెట్టాను. ఒకటి. తీశాను. పెట్టాను. ఎదురింటావిడ బయటికొచ్చి, "తాళం మర్చిపోయారా?" అని అడిగింది.

మార్చి 3, సోమవారం

పొద్దున్న సెలవు పెట్టి చెవి డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. చిన్న వయసు అమ్మాయి. చాలాసేపు పరీక్షలు చేసింది. జలుబు లోపలి చెవి దాకా పాకిందట. ఒకే స్వరాన్ని కుడి చెవి ఉన్నచోట వింటే, ఎడమ చెవి కాస్త పైకి జరిపి వింటోందట. మందులు రాసింది. తగ్గొచ్చు, తగ్గకపోనూవచ్చు, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేనంది.

"మీరేం చేస్తుంటారు?"

"టీచర్ని."

"ఏం చెప్తారు?"

"లెక్కలు" అన్నాను.

ఎందుకలా అన్నానో నాకే తెలియదు. ఆ అమ్మాయి ఊపిరి పీల్చుకుని, "అయితే ఫర్వాలేదులెండి" అంది.

మధ్యాహ్నం రిహార్సల్. ఎడమ చెవి మూసుకుని పాడించాను. తప్పు లేదు. ఎక్కడా లేదు. కానీ ముప్పై ఒక్క నోళ్ళు తెరుచుకుంటుంటే వినపడినవి ఎనిమిదో తొమ్మిదో గొంతులు. అవి ఒకదాన్నొకటి పట్టుకుని బిక్కుబిక్కుమంటూ నడుస్తున్నాయి. మిగతావాళ్ళు నా వంకే చూస్తూ చేపల్లా నోళ్ళు తెరుస్తున్నారు, మూస్తున్నారు, ఎంతో శ్రద్ధగా.

కీబోర్డు తప్పన్నాను, ఫోను తప్పన్నాను, ఫ్యాను తప్పన్నాను. పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి మరీ తప్పన్నాను. నా చెవిని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

మార్చి 5, బుధవారం

సరిదిద్దేద్దాం అనుకున్నాను, తేలిగ్గా. కారణం చెప్పకుండా.

"చేప డ్యూటీ ఉన్నవాళ్ళు చేతులెత్తండి" అన్నాను.

ఒక్క చెయ్యి లేవలేదు. పెన్సిల్ కిటికీ వంక చూస్తున్నాడు. మైకు నేల వంక చూస్తోంది. రహస్యమని ఒట్టేయించుకున్నాను కదా, ఒట్టు నిలబెట్టుకుంటున్నారు. ఒక పిల్లయితే, "చేప డ్యూటీ అంటే ఏంటి టీచర్?" అని అడిగింది, నాకు కన్ను కొడుతూ. దానికి నేనే పోయినవారం ఇచ్చాను.

ఎవరెవరికి ఇచ్చానో గుర్తు చేసుకుందామంటే కుదరడం లేదు. పదహారుమంది తేలారు. ఇంకా ఉన్నారు.

మార్చి 6, గురువారం

"ఇవాళ అందరూ గొంతెత్తి పాడండి, చేపలు లేవు, గీపలు లేవు" అన్నాను. పరీక్ష పెడుతున్నాననుకున్నారు. నోళ్ళు ఇంకా పెద్దగా తెరిచారు. చప్పుడు అంతే.

హెడ్మేడమ్ తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది. తర్వాత తన గదికి పిలిచింది.

"రేపు తల్లిదండ్రుల ముందు ఇలా అయితే కష్టం. పోయినేటి పాట రికార్డింగు ఉంది కదా, అది వేసేద్దాం. పిల్లలు పెదాలు కదిపితే చాలు."

ముప్పై ఒక్కమందీ చేపలే ఇక. ఆవిడకి తెలియకుండానే నా పని పూర్తిచేస్తోంది.

"వద్దు మేడమ్. రేపు పాడతారు."

"ఎలా పాడతారు? అసలు మీకేమైంది? ఆరోగ్యం బాగానే ఉందా?"

నాలుక చివరి దాకా వచ్చింది. చెవి పాడైన పాటల టీచర్ని ఏం చేస్తారు? లెక్కలు చెప్పమంటారు. పందొమ్మిదేళ్ళ గదికి మళ్ళీ తాళం పడుతుంది. బాగానే ఉన్నాను మేడమ్ అన్నాను. ఎందుకన్నాను? పిల్లలు గొంతులు మింగుతుంటే నేను నిజం మింగుతున్నాను. నాకేమీ తోచడం లేదు.

మార్చి 7, శుక్రవారం

వచ్చి గంటయింది. చీర కూడా మార్చుకోలేదు, మర్చిపోకముందే రాయాలి.

తెర వెనక వరండాలో ముప్పై ఒక్కమందిని మూడు వరసల్లో నిలబెట్టాను. స్టేజీ మీద ఒకటో తరగతి డాన్సు నడుస్తోంది, అది అయిపోగానే మేము. డ్రిల్లు సార్ చేతిలో రికార్డింగు పెట్టుకుని, వెయ్యమంటారా వద్దా అన్నట్టు నా వంక చూస్తున్నాడు. మైకు మొదటి వరసలో ఉంది. రెండు జడలు, కొత్త రిబ్బన్లు. నన్ను చూసి, సిద్ధంగా ఉన్నానని చెప్పడానికి, నోరు తెరిచి మూసింది.

అప్పుడు చెప్పేశాను. ముందు అనుకున్నది కాదు.

"అందరూ ఇటు చూడండి. నా ఎడమ చెవి పాడైంది. మీరు సరిగ్గా పాడినా నాకు తప్పుగా వినపడుతోంది. ఆ సంగతి తెలియక మీలో కొంతమందిని చేపల్ని చేశాను. మీ గొంతులకి ఏమీ కాలేదు. తప్పు మీది కాదు. నాది."

డ్రిల్లు సార్ నోరు తెరిచినవాడు మూయలేదు. పెన్సిల్ చెయ్యెత్తాడు.

"టీచర్, రహస్యం చెప్పేయొచ్చా?"

"చెప్పేయ్ నాన్నా."

"నేను చేప."

పక్కవాడు గిర్రున తిరిగాడు. "నువ్వా? నేను కదరా చేపని!"

"నేను కూడా!"

"నా ఒక్కదానికే అన్నారు టీచర్!" ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు. తప్పు పాడానన్నందుకు కాదు, తనొక్కతే కానందుకు. చేతులు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి, ఇరవై ఒకటి లెక్కపెట్టాను. ఒకరి మొహాలొకరు చూసుకుని పొట్టలు పట్టుకుని నవ్వారు. ఇంతలో చేప కాని పిల్లాడొకడు బిక్కమొహం వేసుకుని, "మరి నన్నెందుకు చెయ్యలేదు టీచర్?" అన్నాడు. దానికి సమాధానం చెప్పేలోపే మమ్మల్ని పిలిచారు.

రికార్డింగు వెయ్యొద్దని సార్‌కి చెయ్యి ఊపి స్టేజీ ఎక్కాను.

పాడారు. మూడు వారాలు ఆపుకున్నదంతా ఒక్కసారి వదిలారు. నాకు మాత్రం రెండు బృందాలు రెండు శ్రుతుల్లో కొట్టుకుంటున్నట్టే వినపడింది. రెండు చేతులూ తాళం చూపిస్తున్నాయి, చెవి మూసుకోవడానికి మూడో చెయ్యి లేదు. బాగా పాడారో లేదో నాకు తెలియదు. నిజంగా తెలియదు. చప్పట్లు కొట్టారు, హెడ్మేడమ్ లేచి నిలబడి కొట్టింది. పిల్లల మీది ప్రేమతో కొట్టారేమో, ఎలా తెలుస్తుంది?

మైకు పాడలేదు. చేప ఎలా ఉంటుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? పెదవులు కదిలాయి, మెడలో నరం కదల్లేదు. కళ్ళు మూసుకోలేదు, పిడికిళ్ళు బిగించలేదు. ఇంకో సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది. వరండాలో ఆ ఇరవై ఒక్క చేతుల్లో తన చెయ్యి లేదు.

కిందికి దిగగానే కండక్టరమ్మ ఎదురొచ్చింది. కళ్ళు మెరుస్తున్నాయి. "ఇంతమందిలోనూ మా పిల్ల గొంతు గుర్తుపట్టాను టీచర్!"

"అవునండీ" అన్నాను.

మార్చి 10, సోమవారం

పొద్దున్నే హెడ్మేడమ్‌కి అంతా చెప్పాను. డ్రిల్లు సార్ అప్పటికే చెప్పాడనుకుంటా, ఆశ్చర్యపోలేదు. "ముందు వైద్యం చేయించుకోండి. పరీక్షలయ్యాక మాట్లాడదాం" అంది. అంటే ఏమిటో తెలియదు. గది తాళం మాత్రం అడగలేదు.

మధ్యాహ్నం మైకుని పాటల గదికి పిలిచాను. నేల మీద కూర్చున్నాను, తనని కుడిపక్కన కూర్చోబెట్టుకున్నాను.

"తప్పు నాదని చెప్పాను కదా, విన్నావా?"

తలూపింది.

"మరి ఎందుకు పాడలేదమ్మా?"

పెదవులు కదిలాయి. నాకు పెదవులు చదవడం రాదు, కాస్త గొంతుతో చెప్పు అన్నాను. నాకు అందనంత దూరం జరిగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ వేళ్ళ సందులోంచి చాలాసేపటికి ఒక మాట వచ్చింది.

"అంటుకుంటుందని."

"ఏం అంటుకుంటుంది?"

"నా తప్పు. ముందు నాకొచ్చింది కదా టీచర్. తర్వాత నా పక్కనున్నవాళ్ళ నోట్లోంచి సౌండ్ రావడం ఆగిపోయింది. అటుపక్క, ఇటుపక్క. పెదాలు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు, నేను చూశాను. తర్వాత వాళ్ళ పక్కవాళ్ళకి. మీరు లైన్లు మార్చారు, అప్పుడు అవతలి లైన్‌కి కూడా వెళ్ళింది. నేనెవరికీ చెప్పకూడదు కదా." నా ఎడమ చెవి వంక చూసింది. "మొన్న మీ చెవికి కూడా అంటుకుందని చెప్పారు."

నేను క్షమాపణ చెప్పిన మాటలే ఆ బిడ్డకి రుజువయ్యాయి.

"చెల్లికి ఇప్పుడిప్పుడే మాటలొస్తున్నాయి టీచర్. దానికొస్తే ఎలా?"

నేను ఏడ్చాను. పిల్లల ముందు ఏడవకూడదని నాకొక నియమం ఉండేది. ఇరవై ఆరు రోజులు ఈ పసిది తన గొంతుని అంటురోగంలా దాచుకుని తిరిగింది. చెల్లిని ముట్టుకోలేదు. అమ్మతో మాట్లాడలేదు. నేను నా చెవి గురించి దిగులు పడుతున్నాను, నా గది గురించి, నా పందొమ్మిదేళ్ళ గురించి.

తనకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? నల్లబల్ల మీద వరసగా తేదీలు రాశాను. ఇక్కడ నాకు జలుబు. ఇక్కడ నా చెవి పాడైంది. ఇక్కడ, ఇన్ని రోజుల తర్వాత, నీకు చేప డ్యూటీ. వచ్చి చూసింది. వేలు పెట్టి ఒక్కో తేదీ లెక్కపెట్టింది, రెండుసార్లు.

"అంటే ముందు మీకే వచ్చిందా?"

"నాకే వచ్చింది. నాతోనే ఉంది. ఎవరికీ అంటుకోలేదు. నీకు అసలు రాలేదు."

"మీ చెవి నాకు అంటుకోదా?"

"అంటుకోదు."

నమ్మిందో లేదో తెలియదు. ఎందుకైనా మంచిదన్నట్టు రెండడుగులు వెనక్కి వేసింది. చెయ్యి దించింది. మొదట గాలి మాత్రమే వచ్చింది. దగ్గింది. కళ్ళు గట్టిగా మూసుకుని, పిడికిళ్ళు బిగించి, చెల్లికి పాడే పాటేమో, నేను నేర్పనిది, అందుకుంది. గొంతు మొదట్లో తడబడింది, తర్వాత కిటికీలోంచి బయటికి పోయింది. గ్రౌండులో ఎవరో ఆట ఆపి ఇటు తిరిగారు.

నాకు తప్పుగానే వినపడింది. ఆపమనలేదు.